కాపాడాక బిల్లు వద్దు, ముందే రుసుము తీసుకోండి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే ఒడిశాలోని మా కొరాపుట్ జిల్లాలో ఏదో ఒక జలపాతం దగ్గర ఎవరో చిక్కుకున్నారన్న వార్త రాకుండా ఉండదు. వచ్చిన ప్రతిసారీ జయపురం టీ కొట్ల దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: "సరదాకి పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళ కోసం ప్రభుత్వం ఎందుకు ఖర్చు పెట్టాలి? బయటికి తీశాక వాళ్ళ దగ్గరే వసూలు చేయాలి." ఆ కోపానికి కారణం ఉంది, కాదనను. కానీ కాపాడిన తర్వాత బిల్లు చేతిలో పెట్టే పద్ధతి వస్తే ఇప్పటికంటే ఎక్కువ ప్రాణాలు పోతాయి. డబ్బు తీసుకోవాల్సిందే. ఎప్పుడు తీసుకోవాలి, అది ఎవరికి చేరాలి అన్నదే నేను రాయదలుచుకున్న సంగతి.

డుడుమ జలపాతాన్నే తీసుకోండి. మనం మత్స్యగెడ్డ అని పిలుచుకునే మాచ్‌ఖండ్ నది, ఇటు కొరాపుట్ జిల్లాకూ అటు అల్లూరి సీతారామరాజు జిల్లాకూ సరిహద్దుగా పారుతూ అక్కడ 500 అడుగులకు పైగా కిందికి పడుతుంది. జలపాతానికి పైన డుడుమ డ్యామ్ ఉంది, దానికి ఇంకా పైన జోలాపుట్ జలాశయం. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా 1955లో ప్రారంభమైన 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి నది నీటిని పైనుంచే మళ్ళిస్తారు. అందువల్ల ఏడాదిలో చాలా రోజులు జలపాతం పైనున్న బండలు పొడిగా, నడిచి వెళ్ళడానికి వీలుగా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని ఒడ్డు అనుకుంటారు. నిజానికి వాళ్ళు నిలబడింది నది మధ్యలో. పాడేరు, పెదబయలు వైపు కుండపోతగా వాన పడుతుంటే డుడుమలో ఎండ కాస్తూ ఉండొచ్చు. పైన గేట్లు ఎత్తారంటే చూస్తుండగానే ఆ బండలు మునిగిపోతాయి. ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. విశాఖ నుంచో బరంపురం నుంచో పొద్దున్నే బయలుదేరి వచ్చినవాళ్ళకు తెలియదు.

2025 ఆగస్టులో అక్కడ వీడియో తీయడానికి వచ్చిన ఒక యువకుడు ప్రవాహం పెరిగి బండ మీద చిక్కుకుని కొట్టుకుపోయాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు తాడుతో అతన్ని లాగాలని ప్రయత్నించారు, కుదరలేదు. ఆ దృశ్యాన్ని దేశమంతా ఫోన్లలో చూసింది. దాని కింద కొందరు రాసిన మాటలు చదివి నాకు కడుపులో దేవినట్టయింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు చదువుతారని కూడా ఆలోచించకుండా "ఇలాంటివాళ్ళకి ఇలాగే కావాలి" అని రాశారు. బాధ్యత గురించి మాట్లాడాలంటే ముందు ఆ నోటిదురుసు మానాలి.

సరే, బిల్లు ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. నలుగురు కాలేజీ కుర్రాళ్ళు ఇంట్లో చెప్పకుండా బైకుల మీద వచ్చారనుకోండి. ఒకడు జారి కాలు విరిగి కింద బండల మధ్య పడ్డాడు. 112కు ఫోన్ చేస్తే వేల రూపాయలు కట్టాలని, ఇంట్లో తెలిసిపోతుందని వాళ్ళకు ముందే తెలిస్తే ఏం చేస్తారు? మనమే ఎలాగోలా పైకి లాగుదాం అనుకుంటారు. అలా దిగినవాళ్ళలో ఇంకొకడు పడతాడు. ఆ టెన్షన్‌లో గంట గడిచిపోతుంది, చీకటి పడుతుంది. అప్పుడు ఫోన్ చేస్తారు. అమెరికాలో పర్వత రక్షణ పని ఉచితంగా చేసే స్వచ్ఛంద బృందాలే బిల్లులు వద్దని చాలా ఏళ్ళుగా చెబుతున్నాయి. డబ్బుకు భయపడి జనం ఆలస్యంగా పిలుస్తారనీ, ఆలస్యమైన కొద్దీ తమవాళ్ళకు కూడా ప్రమాదం పెరుగుతుందనీ వాళ్ళ వాదన. రోజూ కొండల్లో తిరిగేవాళ్ళు చెప్పే మాట కాబట్టి దానికి నేను విలువ ఇస్తాను.

ఇక ఎవరు కాపాడుతున్నారన్నది చూద్దాం. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశా ప్రభుత్వం 2001లో సొంతంగా ఓడ్రాఫ్ అనే విపత్తు దళాన్ని పెట్టుకుంది. వాళ్ళ పనితనానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అగ్నిమాపక సిబ్బంది కూడా అంతే. కానీ జయపురం నుంచి డుడుమకు ఘాట్ రోడ్డు మీద బండిలో రెండు గంటలకు పైగా పడుతుంది. వరదలో చిక్కుకున్నవాడికి అంత సమయం ఉండదు. ముందు పరిగెత్తుకొచ్చేది పక్క ఊళ్ళలోని గదబ, పరజా గిరిజన కుర్రాళ్ళు. పొలంలో పని వదిలేసి వస్తారు. చేతికి దొరికిన తాడు, ఒక్కోసారి పశువుల పగ్గాలు ముడివేసినదే, నడుముకు కట్టుకుని నీళ్ళలోకి దిగుతారు. లైఫ్ జాకెట్ ఉండదు, హెల్మెట్ ఉండదు. ప్రాణంతో ఉన్నవాణ్ణి బయటికి తెచ్చినా, మూడోనాడు శవాన్ని వెతికి తెచ్చినా వాళ్ళ చేతికి పైసా రాదు. ఆ రోజు కూలి పోతుంది. పర్యాటకులు ఫోటోలు దిగి, దండం పెట్టి వెళ్ళిపోతారు. పేపర్లో కూడా "స్థానికులు కాపాడారు" అని ఒక్క మాట వస్తుంది. ఆ స్థానికుల పేర్లు ఎవరూ అడగరు.

ఒడిశాలో నీట మునిగి చనిపోవడాన్ని రాష్ట్ర విపత్తుగా గుర్తించారు, మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తారు. అది మంచి నిర్ణయం. కానీ ఆ మనిషి చావకుండా చూసినవాడికి కనీసం ఆ రోజు కూలి అయినా ఇచ్చే ఏర్పాటు ఉండాలి కదా. చనిపోయాక ఇచ్చే దానిలో చాలా చిన్న భాగం ముందే ఖర్చు పెడితే ఆ 4 లక్షలు ఇవ్వాల్సిన అవసరమే రాదు.

అందుకే రుసుము ముందే తీసుకోమంటున్నాను. డుడుమ, రాణీ డుడుమ, దేవ్‌మాలి, గుప్తేశ్వర్ లాంటి చోట్లకు వచ్చే ప్రతి బండి దగ్గరా రక్షణ రుసుము అని 50 రూపాయలు తీసుకుని రసీదు ఇవ్వాలి. డీజిల్‌కి రెండు వేలు పెట్టుకుని వచ్చినవాళ్ళకు అది బరువు కాదు. ఆ డబ్బు రాజధానికి పోకుండా ఆ పంచాయతీలోనే ప్రత్యేక ఖాతాలో ఉండాలి. దానితో ఊరి కుర్రాళ్ళలో ఈత బాగా వచ్చినవాళ్ళకు శిక్షణ ఇప్పించి, సెలవు రోజుల్లో, వానల నెలల్లో కాపలాకు రోజుకూలి ఇవ్వాలి. లైఫ్ జాకెట్లు, మంచి తాళ్ళు, స్ట్రెచర్ కొనాలి. ముఖ్యంగా ఆ కుర్రాళ్ళకు ప్రమాద బీమా చేయించాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో రేగా అనే సంస్థ 1952 నుంచి హెలికాప్టర్లతో కొండల్లో చిక్కుకున్నవాళ్ళను తెస్తోంది. లక్షల మంది మామూలు జనం ఏటా కొంత చందా కడతారు, ఎక్కువగా దాని మీదే అది నడుస్తుంది. అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో, నిర్లక్ష్యంగా కొండెక్కి ప్రమాదంలో పడినవాళ్ళ నుంచి ఖర్చు వసూలు చేసే చట్టం ఉంది. అయినా 2015 నుంచి అక్కడ 25 డాలర్ల కార్డు అమ్ముతున్నారు. అది కొన్నవాళ్ళు పొరపాటున చిక్కుకుంటే బిల్లు వేయరు. తెలిసి తెలిసి తెగించినవాళ్ళకు మాత్రం ఆ కార్డు ఉన్నా మినహాయింపు లేదు. ఈ తేడా నాకు న్యాయంగా అనిపించింది.

మన దగ్గరా ఆ తేడా పాటించాలి. తెలియక కాలు జారినవాడు వేరు. కాపలావాడు వద్దన్నా వినకుండా, కంచె దాటి, మందు తాగి నీళ్ళలోకి దిగినవాడు వేరు. రెండోవాణ్ణి కూడా కాపాడాల్సిందే, ఆ క్షణంలో డబ్బు మాట ఎత్తకూడదు. ఒడ్డుకు చేరాక మాత్రం కేసు పెట్టాలి. అధికారుల నిషేధాజ్ఞను ధిక్కరించి ప్రాణాలకు ముప్పు తెస్తే, భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. 2024 జూన్ 30న లోనావాలా భూషీ డ్యామ్ దగ్గర ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు కొట్టుకుపోయాకే పుణె అధికారులు నిషేధాలు గట్టిగా విధించారు. మన దగ్గర అలాంటి రోజు రాకముందే చేయాలి.

అయితే నిషేధం అర్థం కావాలి కదా. డుడుమకు వచ్చే బండ్లలో ఎన్నో విశాఖ, విజయనగరం నంబర్లవి. బోర్డు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే వాటిలో వచ్చిన పెద్దవాళ్ళలో సగం మంది చదవలేరు. చదవలేని బోర్డు పెట్టి, దాన్ని ధిక్కరించారని ఎవరినీ నిందించలేం. పక్కనే తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయాలి: ఇది ఒడ్డు కాదు, నది. పైన గేట్లు ఎత్తితే నీళ్ళు వస్తాయి. సైరన్ వినపడితే వెంటనే పైకి వచ్చేయండి.

వచ్చేవాళ్ళకు కూడా నా విన్నపం ఒకటుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి రండి, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఊరివాళ్ళను ఒకర్ని వెంట తీసుకెళ్ళి, నాలుగు డబ్బులివ్వండి. ఆయన ఇక చాలు అంటే వెనక్కి తిరగండి. పిల్లలతో వచ్చినవాళ్ళు నీటి అంచున నిలబెట్టి ఫోటోలు తీయకండి.

నది ఒకటే అయినా రెండు ఒడ్లూ రెండు రాష్ట్రాలవి. ప్రమాదం జరిగితే ఎవరి పోలీసులు రావాలన్న ప్రశ్న దగ్గరే సమయం పోకూడదు. కొరాపుట్, అల్లూరి జిల్లాల కలెక్టర్లు, విద్యుత్ కేంద్రం ఇంజనీర్లతో కలిసి జూన్‌లోపు ఒకసారి కూర్చోవాలి. గేట్లు ఎత్తేముందు రెండు ఒడ్ల మీదా వినపడే సైరన్, కాపలా కుర్రాళ్ళ ఫోన్లకు నేరుగా కబురు, రెండు వైపులా ఒకే రుసుము: ఈ మూడింటి మీద నిర్ణయం తీసుకుని, మీలాంటి పత్రికల ద్వారా అందరికీ తెలియజేయాలని కోరుతున్నాను.

– విశ్రాంత ఉపాధ్యాయుడు,
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా