ఆరు మీటర్ల కేబుల్

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, పర్వాలేదు. షిఫ్టుల్లో పడి పగలూ రాత్రీ తారుమారయ్యాయి నాకు. అయినా నువ్వొక మాట అన్నావు చూడు, "మీరు చేసేదేముందిరా, సెన్సర్ నుంచి వచ్చింది డిస్కులో రాసుకోవడమేగా" అని. అది గుచ్చుకుంది. ఈ పొడుగు ఉత్తరం దాని పుణ్యమే.

కణాలు ఢీకొన్నప్పుడు డిటెక్టర్లు (కణాలను పట్టే పరికరాలు) పంపే డేటాను అందుకోవడం మా పని. రాసుకోవడం తేలికేరా. మా అసలు పని పారేయడం. ఏది పారేయాలో తేల్చుకోవడానికి మాకు రెప్పపాటు కూడా ఉండదు.

యూరప్‌లోని సెర్న్ పరిశోధనశాలలో ప్రోటాన్లను ఢీకొట్టించే పెద్ద యంత్రం ఎల్‌హెచ్‌సీ సంగతే తీసుకో. ప్రోటాన్ల గుంపులు 25 నానోసెకన్లకోసారి ఎదురెదురుగా వచ్చి ఒకదాన్లోంచి ఒకటి దూసుకుపోతాయి. అంటే సెకనుకు 4 కోట్ల సార్లు. (మధ్యలో కొన్ని ఖాళీ గుంపులుంటాయి, నిజానికి 3 కోట్ల దరిదాపు. లెక్కకి 4 అనుకుందాం.) అక్కడి అట్లాస్ డిటెక్టర్‌లో ఒక్కో ఈవెంట్, అంటే ఒక్కోసారి ఢీకొన్నప్పటి డేటా, సుమారు 1 మెగాబైట్. గుణించు: సెకనుకు 40 టెరాబైట్లు. నీ సర్వర్ గదిలో డిస్కులు ఎంతసేపు ఆగుతాయో నువ్వే చెప్పు. ఇంకో తమాషా. 25 నానోసెకన్లలో కాంతి పోయేది ఏడున్నర మీటర్లే. అట్లాస్ పొడవేమో 44 మీటర్లు. నడిమధ్యలో పుట్టిన కణాలు చివరిదాకా చేరేలోపు గుంపులు ఇంకో రెండుసార్లు ఢీకొనేసి ఉంటాయి. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నమ్మబుద్ధి కాక మళ్ళీ వేసుకున్నాను.

అందుకే ట్రిగ్గర్, అంటే ఏది ఉంచాలో ఏది పారేయాలో అక్కడికక్కడే తేల్చే ఏర్పాటు. అట్లాస్‌లో 2015 నుంచి 2018 దాకా నడిచిన పద్ధతి చెప్తాను. మొదటి మెట్టులో కంప్యూటర్లు ఉండవు, ఆ పని కోసమే తయారుచేసిన ఎలక్ట్రానిక్స్ ఉంటుంది. దానికిచ్చే గడువు 2.5 మైక్రోసెకన్లు. అందులోనూ చాలా భాగం సిగ్నల్ కేబుళ్ళలో ప్రయాణించడానికే సరి. ఈలోగా పూర్తి డేటా డిటెక్టర్ దగ్గరే ఒక చిన్న మెమరీలో వంద గళ్ళ వరసలో నిలబడి, ప్రతి 25 నానోసెకన్లకీ ఒక గడి ముందుకు జరుగుతూ ఉంటుంది. చివరి గడికి చేరేలోపు "ఉంచు" అని కబురొస్తే బయటికి, రాకపోతే గోవిందా. ట్రిగ్గర్ కూడా అన్నీ చూడదు. మ్యూఆన్ (ఎలక్ట్రాన్‌కి బరువైన చుట్టం లాంటి కణం) లాంటిదేమైనా కనబడిందా, ఎక్కడైనా పెద్ద ఎనర్జీ పడిందా, అంతే. 4 కోట్లు ఇక్కడ లక్షకు దిగుతాయి. రెండో మెట్టులో కంప్యూటర్ల మంద కొంచెం తీరిగ్గా చూసి, వెయ్యి చిల్లర ఉంచుతుంది. మిగతావి ఎవరి కంటా పడకుండానే పోతాయి.

పోయినదాంట్లో ఏముందో ఎలా తెలుస్తుందని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. అందుకే ట్రిగ్గర్ మాట వినకుండా, కళ్ళు మూసుకుని కొన్ని ఈవెంట్లను తీసి దాస్తారు. చెత్తబుట్టలో చేయిపెట్టి చూసుకోవడం లాంటిది. అయినా ఆ భయం పూర్తిగా పోదు. మనం ఎదురుచూసిన రూపంలో రానిది ఏదైనా వస్తే, మొదటి మెట్టు దాన్ని చెత్తే అనుకుంటుంది కదా.

ఇక నా ఘనకార్యం చెప్తాను, నవ్వకు. మా దగ్గర చిన్న టెస్ట్ సెటప్ ఉంది. ఒకదానిమీద ఒకటి రెండు సింటిలేటర్ పలకలు (కణం దూరితే వెలుగు చిమ్మేవి), ఒక్కోటి 30 సెంటీమీటర్లు బై 30. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ మ్యూఆన్లు చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి పడతాయి. అంటే ఒక పలక మీద సెకనుకు 15. ఒక్కో పలక సొంత రొద వల్ల ఊరికే కూడా పల్సులిస్తుంది కాబట్టి, రెండూ ఒకేసారి పలికితేనే లెక్కలోకి తీసుకుంటాం. కోయిన్సిడెన్స్ అంటారు. 1930లో బ్రూనో రొస్సీ వాక్యూమ్ ట్యూబులతో కట్టిన సర్క్యూట్ చేసిందీ ఇదే. ట్రిగ్గర్ల వంశానికి ముత్తాత అనుకో.

ఆ రోజు రాత్రి కౌంట్ ఉన్నట్టుండి సున్నా. అంతకుముందు గంటదాకా చక్కగా వస్తోంది. హై వోల్టేజ్ చూశాను, బాగుంది. పలకలు విడివిడిగా చూశాను, రెండూ లక్షణంగా కొట్టుకుంటున్నాయి. థ్రెషోల్డ్ (పల్స్ ఎంత పెద్దదైతే లెక్కలోకి వస్తుందో ఆ హద్దు) తగ్గించాను, రొద పెరిగింది తప్ప ప్రయోజనం లేదు. (థ్రెషోల్డ్‌తో ఎప్పుడూ ఇదే గొడవ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తగ్గిస్తే చెత్తంతా లోపలికి, పెంచితే మంచిది కూడా బయటికి.) తెల్లవారుజామున మూడింటికి విసుగెత్తి రెండు సిగ్నళ్ళనూ ఆసిలోస్కోప్‌కి, అంటే సిగ్నల్ ఆకారం తెర మీద చూపే పరికరానికి, తగిలించాను. తెర మీద రెండు పల్సులూ ముచ్చటగా ఉన్నాయి. కాకపోతే పక్కపక్కన. మధ్యలో ఖాళీ.

అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం ఒక కేబుల్ కనెక్టర్ వదులైతే నేనే మార్చాను, చేతికందినది పెట్టి. అది పాతదానికంటే ఆరు మీటర్లు పొడవు. కేబుల్లో సిగ్నల్‌కి మీటరుకు 5 నానోసెకన్లు పడుతుంది. అంటే 30 నానోసెకన్ల ఆలస్యం. మా పల్స్ వెడల్పు 20. ఒకటి వచ్చి వెళ్ళిపోయాక గానీ రెండోది రావడం లేదు, ఇక కలుసుకునేదెక్కడ? కొండను తవ్వి ఎలుకను పట్టాను. రెండో వైపు కూడా ఆరు మీటర్లు కలిపాను, మ్యూఆన్లు తిరిగొచ్చాయి. పొద్దున షిఫ్టుకొచ్చినవాళ్ళకి "చిన్న కేబుల్ సమస్య" అని మాత్రం చెప్పాను. లాగ్‌బుక్‌లో పూర్తిగా రాయక తప్పలేదనుకో.

నీకు నచ్చే లెక్క ఒకటుంది. ఒక ఈవెంట్ చదవడానికి 1 మిల్లీసెకను పడుతుందనుకో, అంతసేపూ సిస్టమ్ "బిజీ". ఈవెంట్లు సెకనుకు సగటున 1000 వస్తున్నాయి. సరిగ్గా సరిపోయిందిగా అంటావు. సగం పోతాయిరా! అవి వరసగా క్యూ కట్టి రావు. ఒకసారి మూడు కలిసి మీదపడతాయి, ఇంకోసారి చాలాసేపు ఒక్కటీ ఉండదు. ఈ పోయిన కాలాన్నే డెడ్ టైమ్ అంటాం. ముందు నాలుగు గళ్ళ బఫర్ (వచ్చినవి కాసేపు ఆగే చోటు) పెట్టి, చదివే వేగం కాస్త పెంచితే చాలు, నష్టం బాగా తగ్గుతుంది. ఖరీదైన యంత్రం కొనకముందు ఈ చిన్న బఫర్ పెట్టి చూడమని నేను పోరుతూనే ఉంటాను.

సెర్న్‌లోనే ఎల్‌హెచ్‌సీబీ అనే ఇంకో డిటెక్టర్ వాళ్ళు 2022లో మళ్ళీ మొదలైనప్పుడు ట్రిగ్గర్‌లో మొదటి మెట్టునే పీకేశారు. సెకనుకు 3 కోట్ల ఈవెంట్లూ పూర్తిగా బయటికి లాగి, జీపీయూలకు (ఒకేసారి బోలెడు లెక్కలు చేసే గ్రాఫిక్స్ చిప్పులకు) అప్పజెప్పారు. పారేయడం మానలేదు, పూర్తి బొమ్మ చూశాక పారేస్తున్నారు. నాకు అదే నచ్చింది. ముక్క చూసి తీర్పు చెప్పడం ఎప్పుడూ ఇబ్బందే. కానీ అట్లాస్, అక్కడిదే మరో పెద్ద డిటెక్టర్ సీఎంఎస్ ఈవెంట్లు చాలా పెద్దవి, వాళ్ళకి ఆ దారి అంత తేలిక కాదు.

నిన్న కేబుళ్ళన్నిటికీ రెండు చివర్లా టేపు అంటించి పొడవు రాశాను. రెండు గంటలు పట్టింది, వేళ్ళు జిగురుమయం. ఇంతకీ నీ దగ్గర లాగ్ క్యూ నిండిపోతే పాతది తోసేస్తారా, కొత్తది ఆపేస్తారా? మేమైతే కొత్తదానికే తలుపు మూస్తాం. ఎందుకలా చేస్తారో మీ వాళ్ళని కూడా అడిగి రాయి. వచ్చే వారం నాకు పగటి షిఫ్టే, సాయంత్రాలు ఫోన్ ఎత్తుతాను.

నీ
శీను