దిద్దిన కాగితమే వాళ్లకు తరగతి గది

సంపాదకులకు నమస్కారం.

దూరవిద్య కోర్సుల్లో అసైన్‌మెంట్లు దిద్దే తీరు మారాలి. తరగతిలో కూర్చున్న విద్యార్థికి అర్థం కాకపోతే అక్కడే లేచి అడుగుతాడు. దూరవిద్యలో చదివేవారికి గురువు మాట వినిపించేది దిద్ది పంపిన కాగితంలోనే. అందులో ఓ మార్కు, కింద ‘ఫర్వాలేదు’, ‘ఇంకా వివరంగా రాయాలి’ అని ఉంటే, దేన్ని వివరించాలో వాళ్లకెలా తెలుస్తుంది?

అర్థశాస్త్రం జవాబులో ఒకరు ‘ఉప్పు ధర పెరిగితే అమ్మకాలు బాగా పడిపోతాయి’ అని రాశారనుకుందాం. పక్కన ఎర్ర సిరాతో ఇంటూ కొడితే ఆ తప్పు అక్కడే ఉండిపోతుంది. ‘ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందన్న సూత్రం బాగానే పట్టుకున్నారు. కానీ ఉప్పు బదులు జనం ఇంకేం వాడగలరు? నెల ఖర్చులో దాని వాటా ఎంత? ఆలోచించి ఈ వాక్యం తిరగరాయండి’ అని రాయడానికి రెండు నిమిషాలు చాలు. జవాబు వెతుక్కునే పని విద్యార్థికే మిగులుతుంది.

అన్ని తప్పులూ ఎత్తిచూపాలన్న తాపత్రయమూ చేటే. పేజీ నిండా ఎరుపు కనిపిస్తే మార్కు చూసుకుని మూసేస్తారు. అక్షరదోషాలు ఒక్క పేరాలో దిద్ది, మిగతావి వాళ్లనే పట్టుకోమనాలి. విషయంలోని పెద్ద లోపాలు రెండు, మహా అయితే మూడు తీసుకుని, ఏ యూనిట్‌లో ఏ పేజీ మళ్లీ చదవాలో రాయాలి.

1988లో విద్యా మనస్తత్వవేత్త రూత్ బట్లర్ ప్రచురించిన పరిశోధనలో కొందరు పిల్లలకు మార్కులే, కొందరికి వ్యాఖ్యలే, మరికొందరికి రెండూ ఇచ్చారు. ఆసక్తిలోనూ పనితీరులోనూ ముందున్నది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవారు. రెండూ అందుకున్నవారికి ఆ మేలు దక్కలేదు. ఆన్‌లైన్‌లో దిద్దే చోట మార్కును రెండు మూడు రోజులు ఆపి, ముందు వ్యాఖ్యలు చూపడం పెద్ద పనేమీ కాదు.

అన్నిటికన్నా బాధపెట్టేది ఆలస్యం. 1840లో ఇంగ్లండ్‌లో ఐజాక్ పిట్‌మన్ తాను రూపొందించిన షార్ట్‌హ్యాండ్ పాఠాలు తపాలాలో పంపి, విద్యార్థులు రాసినవి దిద్ది తిరిగి పంపేవాడు. ఇవాళ ఫైలు క్షణంలో చేరుతోంది. అయినా మొదటి అసైన్‌మెంట్ మీద వ్యాఖ్య రెండోది పంపేశాక వస్తే, అదే తప్పు అప్పటికే మళ్లీ జరిగిపోయి ఉంటుంది. తర్వాతి గడువుకు కనీసం పది రోజుల ముందు వ్యాఖ్యలు చేరాలని సంస్థలు నియమం పెట్టుకోవాలి. దిద్దేవారికి కాగితాల లెక్కన చెల్లించే చోట, రాసే సమయానికీ వెల కట్టాలి. అయిదు నిమిషాలకు డబ్బిచ్చి పావుగంట పని అడిగితే ఎవరైనా టిక్కులే పెడతారు.

– ఒక దూరవిద్య అధ్యాపకుడు