బడి మన బస్తీకి ఏం చేసింది? ఆదివారం కూర్చుందాం

అందరికీ నమస్కారం. సాయంత్రం ట్యూషన్, కుట్టు క్లాసు, వైద్య శిబిరం అన్నీ మన విజయవాడ సింగ్‌నగర్ బడిలోనే నడుస్తున్నాయి కదా. వాటివల్ల నిజంగా ఏం మారిందో చూద్దాం. రిజిస్టర్లో సంతకాలు లెక్కపెడితే చాలదు. ఎంతమంది వచ్చారన్నది ఒకటి, వచ్చినవాళ్లకి ఏం ఒరిగిందన్నది ఇంకొకటి. పిల్లల హాజరు అప్పుడెంత, ఇప్పుడెంత అని నెలవారీగా పక్కపక్కన పెట్టాలి. 2024 సెప్టెంబరు, బుడమేరు వాగు వరద ముంచిన నెల, విడిగా ఉంచండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యం బడి గడప తొక్కనివాళ్లు. ఆటోనగర్‌లో పనిచేసి రాత్రికి ఇల్లు చేరే నాన్నల్ని ఇంటికెళ్లి అడగాలి. 2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులకే ఇచ్చింది, సగంమంది ఆడవాళ్లు ఉండాలంది. కాబట్టి అక్కలూ, ప్రశ్నలు మీరే రాయండి. పొద్దున 10కి బడి వరండాలో కలుద్దాం.