2024 జూన్ 30 తరువాత రాని అప్‌డేట్లు: మా దుకాణదారులకు ఒక వివరణ

బెంగళూరు చిక్‌పేట, మామూల్‌పేట, అవెన్యూ రోడ్డులలోని మా ఖాతాదారులందరికీ, మీ బిల్లింగు సాఫ్ట్‌వేర్‌ను నడిపే మా నలుగురి తరఫున నమస్కారం.

వరలక్ష్మీ వ్రతం వారంలో మీ గల్లాపెట్టెల దగ్గర తల ఎత్తే తీరిక కూడా ఉండదు. సరిగ్గా ఆ వారంలోనే, 2025 ఆగస్టు 4వ తేదీన, ఫోనులో శాఖల అమ్మకాలు చూసుకునే సౌకర్యాన్నీ, ఒక కొట్టులోని సరుకు లెక్క మరొక కొట్టుకు చేరే ఏర్పాటునూ మేము ఆపివేశాము. కౌంటరులో బిల్లులు ఆగలేదు. ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి అయిన వారికి వేరే దారి పెట్టాము. అయినా 24వ తేదీ రాత్రి వరకు, మూడు వారాల పాటు, హిందూపురంలోనో ధర్మవరంలోనో ఉన్న శాఖ సంగతి తెలుసుకోవడానికి మీరు ఫోను చేసి గుమాస్తాను అడగవలసి వచ్చింది. ఆనాడు మీకు నేను పంపింది 'సర్వర్ పనులు జరుగుతున్నాయి' అన్న ఒక్క వాక్యం మాత్రమే. పన్నెండేళ్ళుగా మమ్మల్ని నమ్మినవారికి ఆ ఒక్క వాక్యం చాలదు కనుక జరిగినదంతా ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా మీకు కావలసిన మాట చెబుతాను. మీ లెక్కలలో ఒక్క బిల్లు కూడా పోలేదు. సర్వర్‌లోకి బయటివారు ఎవరైనా చొరబడ్డారా అని మేము నలుగురం పాత చిట్టాలన్నీ వరుసగా చదివాము, అటువంటి జాడ ఏదీ మాకు కనబడలేదు. అలా జరగడానికి తలుపు మాత్రం పదమూడు నెలలు తెరిచి ఉంది. ఆ తలుపు అన్నాళ్ళు ఎందుకు తెరిచి ఉందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ లెక్కలు ఉండే సర్వర్ డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం మీద నడుస్తుంది. దానికి యజమాని కంపెనీ అంటూ లేదు. 1993లో మొదలైనప్పటి నుండి ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలే దానిని నడుపుతున్నారు. వారి వార్షిక సమావేశం 2023లో మన పక్కనే కొచ్చిలో జరిగింది. వారు సుమారు రెండేళ్ళకు ఒకసారి కొత్త విడుదల ఇస్తారు. ప్రతి విడుదలకూ మొదటి మూడేళ్ళు భద్రతా బృందం కాపలా కాస్తుంది, ఆ తరువాతి రెండేళ్ళు ఎల్‌టీఎస్ అనే దీర్ఘకాలిక మద్దతు బృందం చూసుకుంటుంది. ఈ రెండో బృందం 2014లో డెబియన్ 6తో మొదలైంది. దానిలో పనిచేసేవారి గంటలకు కొన్ని సంస్థలు చందాలు వేసుకుని డబ్బు ఇస్తాయి.

ఎల్‌టీఎస్ అంటే కొత్త హంగులు ఇవ్వడం కాదు. పట్టుచీర పాతబడినా అంచు, కొంగు, రంగు ఏమీ మార్చకుండా చిరుగు పడిన చోట మాత్రమే రఫ్ఫు చేయించి కట్టుకోవడం మీకు తెలిసిన సంగతే. కొత్త వెర్షన్‌లో దిద్దిన లోపాన్ని వెనక్కి తెచ్చి పాత వెర్షన్‌లోనే దిద్దడం కూడా అటువంటి పనే. పైకి చూస్తే వెర్షన్ అంకె పాతదే ఉంటుంది, లోపల మాత్రం రంధ్రం పూడి ఉంటుంది. మీ బిల్లింగు వంటి వ్యవస్థలకు కావలసింది ఇదే. సీజను మధ్యలో ఏదీ మారకూడదు, కన్నం మాత్రం ఉండకూడదు.

మీ సర్వర్ డెబియన్ 10 మీద ఉండేది. 2019 జూలైలో వచ్చిన ఆ విడుదలకు 2024 జూన్ 30తో ఎల్‌టీఎస్ ముగుస్తుందని డెబియన్ వారు ఎంతో ముందుగానే చెప్పారు, చెప్పినట్లే ముగించారు. ఆ తేదీ నాకు తెలుసు. కౌంటరు పెట్టెలను, అంటే మీ కొట్లలోని బిల్లింగు కంప్యూటర్లను, మేమే చూసుకుంటాము కనుక వాటన్నిటినీ ఆ వేసవిలోనే డెబియన్ 12కు మార్చాము. సర్వర్‌ను మాత్రం మార్చలేదు, ఎందుకంటే దానిలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 11 అనే డేటాబేసులో మీ పన్నెండేళ్ళ లెక్కలు ఉన్నాయి, పెళ్ళిళ్ళ సీజనులో వాటిని కదిలించడానికి నాకు ధైర్యం చాలలేదు. డెబియన్ సొంత గడువు తీరిన తరువాత కూడా డబ్బు కట్టినవారికి మరికొన్నేళ్ళు దిద్దుబాట్లు అందించే పొడిగింపు మద్దతు ఒకటి బయట దొరుకుతుంది. మేము సర్వర్ అద్దెకు తీసుకున్న హోస్టింగ్ సంస్థ, ఆ పొడిగింపును తామే కొని మా సర్వర్‌కు పెడతామని ఒప్పందంలో రాసి, అందుకు ప్రతి నెలా అదనపు రుసుము కూడా తీసుకుంది. సర్వర్ నిర్వహణ అంతా వారిదే, రూట్ అధికారం, అంటే సర్వర్‌లో ఏదైనా మార్చగల పూర్తి అధికారం, కూడా వారి దగ్గరే ఉండేది.

ఆ పొడిగింపును వారు కొనలేదు. కొనడం మరచిపోయారో, అక్కరలేదనుకున్నారో ఇప్పటికీ సూటిగా చెప్పడం లేదు. నన్ను ఇంతకంటే ఎక్కువగా బాధించిన విషయం మరొకటి ఉంది. ప్రతి నెలా మాకు ఒక నివేదిక వచ్చేది. అందులో 'పెండింగ్ అప్‌డేట్లు: సున్నా' అని ఆకుపచ్చ రంగులో ఉండేది, నేను దానిని చూసి సంతకం పెట్టి బిల్లు చెల్లించేవాడిని. ఆ సున్నా అబద్ధం కాదు. గడువు తీరిన విడుదలకు, పొడిగింపు కొనకపోతే, ఎవరూ దిద్దుబాట్లు పంపరు, పంపనప్పుడు పెండింగ్‌లో ఉండడానికి ఏమీ ఉండదు, కాబట్టి యంత్రం సున్నా అనే చూపిస్తుంది. అన్ని దిద్దుబాట్లు అందుకున్న సర్వరూ, ఏ దిద్దుబాటూ అందని సర్వరూ ఆ నివేదికలో ఒకేలా కనబడతాయి. పద్నాలుగేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్న నాకు ఇది తెలియని విషయం కాదు. తెలిసి కూడా పదమూడు నెలల పాటు ఆ సున్నాను నమ్మాను. ఈ తప్పు వారితో పాటు నాది కూడా.

జూలై నెలాఖరున మీలో ఒకరి ఆడిటరు, సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్ వెర్షన్లు ఏమిటని అడిగారు. వెనక్కి తెచ్చిన దిద్దుబాట్ల సంగతి ఆయనకు వివరించడానికి, చివరిసారి ఏ దిద్దుబాటు ఎప్పుడు పడిందో తేదీలతో ఇమ్మని ఆ సంస్థను అడిగాను. వారు ఇచ్చిన జాబితా 2024 జూన్‌తో ఆగిపోయింది. మరుసటి రోజే, అంటే 2024 జూలై 1న, దూరం నుండి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒక పెద్ద లోపం బయటపడిందనీ, డెబియన్ 12లో దానిని అదే రోజు దిద్దారనీ ఈ పనిలో ఉన్నవారందరికీ గుర్తుంటుంది. మీ కౌంటరు పెట్టెలకు ఆ దిద్దుబాటు వెంటనే అందింది. సర్వర్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆ లోపం పుట్టక ముందు కాలం నాటిది కావడంతో ఆ ఒక్క దాని నుండి మాత్రం తప్పించుకుంది. ఆ జాబితాను చేత పట్టుకుని కూర్చున్న రాత్రి, తరువాతి పదమూడు నెలల్లో వచ్చిన లోపాల ప్రకటనలన్నిటినీ ఒక్కొక్కటిగా చదివి, మా సర్వర్‌కు ఏవి తగులుతాయో గుర్తులు పెట్టుకున్నాను. తెల్లవారేసరికి బయటి తలుపులన్నీ మూయడం తప్ప మరో దారి కనబడలేదు. వ్రతం అయిపోయే దాకా ఆగమని మా వాళ్ళే అన్నారు. నేను ఆగలేదు, ఆ కోపాన్ని మీరు నా మీదే చూపవచ్చు.

ఈ మూడు వారాల్లో చాలామంది గట్టిగానే మాట్లాడారు, అది న్యాయమే. ఒక్క మాట మాత్రం గుండెలో గుచ్చుకుంది. మా మొదటి ఖాతాదారులలో ఒకరైన పెద్దాయన, 'ఊరికే ఇచ్చేవాళ్ళకు బాధ్యత ఏముంటుందయ్యా, డబ్బు పెట్టి పెద్ద కంపెనీది కొనుక్కో' అన్నారు. ఆయన మీద గౌరవంతోనే జవాబు చెబుతున్నాను. ఊరికే ఇచ్చినవారు తేదీ చెప్పి, ఆ తేదీ వరకు మాట నిలబెట్టుకున్నారు. మాట తప్పినది డబ్బు తీసుకున్నవారే. 'లోపాలను దాచము' అన్న నియమాన్ని డెబియన్ వారు 1997లోనే తమ సామాజిక ఒప్పందంలో రాసుకున్నారు, వారి లోపాల చిట్టా ఎవరైనా తెరిచి చూడవచ్చు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో కుట్రతో దొంగదారి పెట్టినప్పుడు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానించి దానిని పట్టుకున్నది మీ లెక్కలు ఉండే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను తయారుచేసేవారిలో ఒకరైన ఆండ్రెస్ ఫ్రాయిండ్. డెబియన్ స్థిర విడుదలకు ఆ దొంగదారి అసలు చేరనే లేదు. వెనుక పెద్ద కంపెనీ ఉంటే తేదీలు మారవని కూడా అనుకోవద్దు. రెడ్ హ్యాట్ కంపెనీ అండ ఉన్న, 2029 వరకు మద్దతు ఉంటుందని అందరూ అనుకున్న సెంట్‌ఓఎస్ 8 అనే మరో ఆపరేటింగ్ సిస్టం కథ 2021 డిసెంబరు 31తోనే ముగిసింది.

అయితే పెద్దాయన మాటలో ఒక నిజం ఉంది, దానిని దాటవేయను. ఊరికే ఇచ్చేవారి మద్దతుకు కూడా హద్దు ఉంటుంది. డెబియన్‌కు గుండెకాయ వంటి లినక్స్ కెర్నెల్ దీర్ఘకాలిక విడుదలలకు ఆరేళ్ళ మద్దతు ఇస్తూ వచ్చినవారు, కొత్తవాటికి రెండేళ్ళే అని 2023లో ప్రకటించారు. మనం వారి పనిని పన్నెండేళ్ళు వాడుకున్నాము, ఒక్క రూపాయి పంపలేదు, ఆ హోస్టింగ్ సంస్థకు మాత్రం నెలనెలా పంపాము. ఇకమీదట ఆ అదనపు రుసుములో సగాన్ని డెబియన్ ఎల్‌టీఎస్ చందాకు పంపాలని నిర్ణయించాను. మీ వార్షిక నిర్వహణ రుసుము దీని వల్ల పెరగదు.

ఇక నన్ను పది రాత్రులు నిద్రపోనివ్వని నిర్ణయం. మేము తలుపులు మూసిన వారంలోనే, ఆగస్టు 9న, డెబియన్ 13 విడుదలైంది. సర్వర్‌ను ఎలాగూ మార్చాలి కదా, కొత్తదానికే మారితే ఎల్‌టీఎస్‌తో కలిపి 2030 దాకా నిశ్చింతగా ఉండవచ్చు, 12కు మారితే 2028 జూన్ 30కి ముందు మళ్ళీ ఇదే పని చేయాలి. మా కుర్రవాళ్ళు ఇద్దరూ 13 అన్నారు. కాగితం మీద వారి లెక్కే సరైనది. నేను మూడుసార్లు 13 అనుకున్నాను, మూడుసార్లూ తెల్లవారుజామున మనసు మార్చుకున్నాను.

కారణం మీ కౌంటర్ల దగ్గర ఉంది. మీ కొట్లలో ఉన్న మా 143 పెట్టెలలో 37 పాతతరం 32-బిట్ ప్రాసెసర్ ఉన్న పెట్టెలు. డెబియన్ 13 నుండి అటువంటి యంత్రాలకు ఇన్‌స్టాలరూ లేదు, కెర్నెలూ లేదు. అవి 12లోనే ఉండిపోవాలి. సర్వర్ 13లో, కౌంటర్లు 12లో ఉంటే మా ప్రోగ్రాము, దానిని రాసిన పైథాన్ అనే భాషలో, ఒక చోట వెర్షన్ 3.13తోనూ, మరొక చోట 3.11తోనూ నడవాలి, ప్రతి మార్పునూ రెండు చోట్లా పరీక్షించాలి. నలుగురం ఉన్న చోట, దసరా ముందు, అది మాకు మించిన పని. ఈ సీజనులోనే 37 మందినీ కొత్త పెట్టెలు కొనమని అడగడానికి, మూడు వారాలు మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన తరువాత, నాకు నోరు రాలేదు. పైగా రెండేళ్ళుగా లోకమంతా వాడి అరగదీసిన విడుదల మీద నాకున్న నమ్మకం, విడుదలై రెండు వారాలు కూడా కాని దాని మీద లేదు. అందుకే 12కే మారాము. పాత సర్వర్‌ను అక్కడికక్కడే మెట్టు మెట్టుగా పెంచకుండా, కొత్త యంత్రం మీద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 15 పెట్టి, లెక్కలన్నీ దించి మళ్ళీ ఎక్కించాము, ప్రతి కొట్టు ముగింపు నిల్వనూ పైసాతో సహా సరిచూశాము. 2028లో మళ్ళీ మార్చవలసిన శ్రమ మాది, దానికి మీ దగ్గర రుసుము తీసుకోము.

ఈ నిర్ణయం తప్పని మా కుర్రవాళ్ళు ఇప్పటికీ అంటున్నారు. అనుకోనివ్వండి, బాధ్యత నాది.

పాత సంస్థతో ఒప్పందం రద్దయింది, కట్టిన అదనపు రుసుము వెనక్కి ఇమ్మని అడిగాము. వారి పేరు ఇక్కడ రాయను. కొత్త సర్వర్‌కు రూట్ అధికారం మా దగ్గరే ఉంటుంది. పెండింగ్ అప్‌డేట్ల సంఖ్యతో పాటు, ఆ విడుదలకు మద్దతు గడువు ఇంకా ఎన్ని రోజులు ఉందో కూడా ప్రతి ఉదయం లెక్కించి మాకు పంపే చిన్న ప్రోగ్రాము రాశాము. ఆ గడువు తేదీ ఇకనుండి మీ వార్షిక నిర్వహణ బిల్లు మీద కూడా అచ్చవుతుంది. ఆగస్టు నెల రుసుము ఎవరి దగ్గరా తీసుకోవడం లేదు.

ఒక్క విషయంలో మాత్రం మీ సాయం కావాలి. డెబియన్ 12 భద్రతా బృందం చేతుల నుండి ఎల్‌టీఎస్ బృందానికి 2026 జూన్‌లో మారుతుంది. ఎల్‌టీఎస్ అన్ని రకాల ప్రాసెసర్లకూ, అన్ని ప్యాకేజీలకూ వర్తించదు. కాబట్టి ఆ 37 పాత పెట్టెలకు నేను 2026 జూన్ వరకే మాట ఇవ్వగలను, అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వను. దసరా, దీపావళి, సంక్రాంతి గడిచిన తరువాత, ఫిబ్రవరిలో వాటిని మారుద్దాము. మీది ఏ రకమో తెలియకపోతే, పెట్టె అడుగున అంటించిన మా చీటీని ఫొటో తీసి పంపండి. చీటీ చిరిగిపోయి ఉంటే ఏదైనా బుధవారం కొట్టు తెరిచే వేళకు నేనే వచ్చి చూసి వెళతాను.