ఆ రేకుల షెడ్డు కూడా తోటే: జపాన్ వ్యవసాయ మంత్రికి బహిరంగ లేఖ

జపాన్ వ్యవసాయ, అటవీ, మత్స్య శాఖల మంత్రి గారికి,

నమస్కారాలు. నేను పద్నాలుగేళ్లుగా యొకొహామాలో ఉంటున్నాను. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. ఈ లేఖ జపనీస్ ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాను. తెలుగులోనూ రాయడానికి కారణం ఉంది. మా పేటలో బేరిపండ్ల కోసం పొద్దున్నే వరసలో నిలబడేవాళ్లలో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ పండ్లు ఎందుకు కనిపించకుండా పోతున్నాయో వాళ్లకూ తెలియాలి.

మా వీధి చివర, రైల్వే స్టేషన్‌కు పది నిమిషాల నడకలో ఒక బేరితోట ఉండేది. ఆగస్టు మధ్యకు వచ్చేసరికి దాని గేటు దగ్గర ‘హమానషి’ అని రాసిన జెండా ఎగిరేది. యొకొహామాను ఇక్కడివాళ్లు ముద్దుగా హమా అంటారు. నషి అంటే బేరి. ముందు కోసుయి రకం, అది అవుతుండగా హోసుయి. పెద్ద మార్కెట్లకు పంపే పండును ప్రయాణం తట్టుకోవాలని కాస్త ముందుగానే కోస్తారు. హమానషికి ఆ తొందర లేదు. చెట్టు మీదే పండుతుంది, తెల్లవారుజామున కోస్తారు, అదే పొద్దున అక్కడే అమ్ముడవుతుంది. అందుకే ఊరు దాటి దాని పేరు పెద్దగా వినబడదు. కవాసాకిలో తామాగవా బేరి, టోక్యో పడమటి వైపున ఇనాగి బేరి కూడా ఇంతే. ఊరి పేరే వాటి బ్రాండు, తోట గేటే వాటి దుకాణం.

మొదటిసారి కొరికినప్పుడు నాకు లేత తాటిముంజ గుర్తొచ్చింది. పైన గోధుమరంగు గరుకు తోలు, లోపలంతా చల్లటి నీళ్లు. ఆ రోజు తోట పెద్దావిడ ఒక ముచ్చట చెప్పింది. నషి అన్న మాట ‘లేదు’ అన్నట్టు కూడా వినిపిస్తుందట. అది అశుభమని పాతకాలం వాళ్లు ఈ పండును ‘అరి నో మి’ అనేవారట, అంటే ‘ఉన్న పండు’. నాకు అది కొత్తగా అనిపించలేదు. డబ్బాలో బియ్యం అయిపోతే మా అమ్మ ఏనాడూ ‘లేవు’ అనలేదు, ‘నిండుకున్నాయి’ అనేది. ఆ సంగతి చెబితే పెద్దావిడ చాలా సంబరపడింది. తర్వాత ఎప్పుడు ఆలస్యంగా వెళ్లినా ఖాళీ బుట్టలు చూపించి, తనకొచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట అనేది: నిండుకున్నాయి.

ఆ తోటను నేను కొనేదాన్నిగా మాత్రమే చూడలేదు. చలికాలంలో కొమ్మలు కత్తిరించి, తలెత్తున కట్టిన తీగల పందిరికి వంచి కట్టేవాళ్లు. మా ఊళ్లో ద్రాక్షకు వేసినట్టే. కాయలు తుపాను గాలికి రాలకుండా ఆ పందిరే కాపాడుతుంది. ఏప్రిల్‌లో తెల్లటి పూలు విచ్చగానే, కర్ర చివర మెత్తటి ఈకల కుచ్చుతో పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దేవాళ్లు. 2023 ఆగస్టులో ఫైర్ బ్లైట్ తెగులు భయంతో మీ ప్రభుత్వం చైనా పుప్పొడి దిగుమతిని ఆపింది. అది సరైన పనే. కానీ ఆ తర్వాత పూలు కోసి పుప్పొడి తీసుకునే చాకిరీ కూడా చాలా తోటల నెత్తిన పడింది.

మంత్రి గారూ, ఆ తోట యజమాని మూడేళ్ల కిందట పోయారు. కొడుకు అప్పటికే తండ్రి పక్కన పదేళ్లు పనిచేశాడు, సాగు వదిలే ఉద్దేశం అతనికి లేదు. తండ్రి ఆస్తి చేతికొచ్చినప్పుడు ఇక్కడ వారసత్వ పన్ను కట్టాలి. చెట్లున్న నేలకైతే, సాగు చేస్తున్నంత కాలం ఆ పన్నును వాయిదా వేసుకునే వీలుంది. చిక్కంతా చెట్లు లేని నేలతోనే వచ్చింది. పండ్లు ఏరి పెట్టే రేకుల షెడ్డు, మందు కొట్టే యంత్రం నిలిపే చోటు, గేటు పక్కన అమ్మకపు బల్ల, అన్నీ రోడ్డు పక్కనే ఉన్నాయి. పన్ను లెక్కలో అది సాగుభూమి కాదు. కాబట్టి ఆ వాయిదా దానికి వర్తించదు. స్టేషన్ దగ్గర రోడ్డు ముఖం ఉన్న నేల విలువ ఎంత పలుకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మనిషి పోయిన పది నెలల్లోగా పన్ను కట్టాలి. ఏరడానికి చోటు, అమ్మడానికి గేటు పోయాక మిగిలిన చెట్లతో ఏం చేయను అని అతను అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు అక్కడ పదకొండు ఇళ్లున్నాయి.

మీ దేశం నగర సాగును పట్టించుకోలేదని నేను అనను. 1968 నాటి నగర ప్రణాళిక చట్టం, నగర విస్తరణ ప్రాంతంలోని పొలాలను పదేళ్లలో ఇళ్లుగా మారాల్సిన నేలగానే చూసింది. 2015లో నగర వ్యవసాయ ప్రోత్సాహక చట్టం వచ్చింది. మరుసటి ఏటి ప్రణాళికలో, నగరంలో పొలం అంటే ఇళ్లు కట్టాల్సిన నేల కాదు, నగరంలో ఉండాల్సినదే అని మీరే రాశారు. ఆ వాక్యం చదివినప్పుడు నాకు నిజంగా కళ్లు చెమర్చాయి. 2017లో రక్షిత హరిత భూముల చట్టాన్ని సవరించి, ఆ భూముల్లో, అంటే నగరంలో సాగుకే కేటాయించిన పొలాల్లో, పంట అమ్మే కొట్టు పెట్టుకోవడానికి కూడా దారి తెరిచారు. మరి కొట్టు పెట్టుకోమన్న ప్రభుత్వమే, ఆ కొట్టు కింది నేల పొలం కాదని పన్ను లెక్క కట్టడం ఏమిటి? క్యాబేజీ రైతుకు ఇది కష్టం. బేరి రైతుకు ఇక కోలుకోలేని దెబ్బ. మీ కనగావా రాష్ట్ర పరిశోధకులు చెట్లను ఒకదానికొకటి కొమ్మలతో అతికించి, కాపు త్వరగా వచ్చే పద్ధతి కనిపెట్టారు. అయినా కొత్త తోట నిండుగా కాయాలంటే ఏళ్లు పడుతుంది. పన్నుకు గడువు పది నెలలే.

ఇరుగుపొరుగువాళ్లం మేమూ కొంత నేర్చుకున్నాం. మా సందులో ఇళ్లకు కంచెగా కైజుకా ఇబుకి పొదలు ఉండేవి. బేరికి పట్టే తుప్పు తెగులు చలికాలమంతా ఆ పొదల మీదే కాపురముండి, వసంతపు వానకు బేరి ఆకుల మీదికి ఎగిరొస్తుంది. టోక్యోకు అవతలి పక్కనున్న చిబా రాష్ట్రంలో బేరి పండించే పట్టణాలు ఆ మొక్కలను నాటకుండా కట్టడి కూడా చేశాయి. మాకు ఎవరూ ఆజ్ఞ వేయలేదు. పెద్దావిడ ఒకసారి ఆకు మీది నారింజ మచ్చలు చూపించింది, అంతే. ఆరు ఇళ్లవాళ్లం పొదలు పీకించి వేరే మొక్కలు పెట్టుకున్నాం. ఆ పొదలు పీకిన వాళ్లకు ఇప్పుడు కిటికీలోంచి చూస్తే తోట లేదు.

కవాసాకిలో సముద్రం పక్కన దైషి ప్రాంతంలో 1893 ప్రాంతాన చోజూరో రకం బయటపడింది. దేశమంతా ఏలిన బేరి అది. చిబా రాష్ట్రం మత్సుదోలో 1888లో ఒక పదమూడేళ్ల పిల్లవాడికి చెత్తకుప్ప పక్కన దొరికిన మొలక నిజిస్సేకి, అంటే ‘ఇరవయ్యో శతాబ్దం’ అయింది. ఆ పండుకు ఇప్పుడు పేరు మోసింది దూరాన ఉన్న తొత్తోరి. మత్సుదోలో మిగిలింది నిజిస్సేకిగఓకా అనే పేట పేరు. దానిలోనే ‘బేరి పుట్టిన ఊరు’ అనే అర్థం వచ్చే నషిమోతో అనే వాడ కూడా ఉంది. నేను ఇలాంటి పేర్ల నగరం నుంచే వచ్చాను. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి. బాగ్ అంటే తోట. ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు హైదరాబాద్ చుట్టూ ఉండేవి, నా చిన్నప్పుడు మా మేనమామ వాటి పక్కనుంచి సైకిల్ మీద తీసుకెళ్లేవాడు. వాటి స్థానంలో కాలనీలు లేచాయి. మా దగ్గర ఆ తోటలను పట్టి నిలిపే చట్టం లేదు. మీ దగ్గర ఉంది. అందుకే అడుగుతున్నాను.

అడిగేది ఒక్కటే. ఏరే షెడ్డు, పనిముట్ల చోటు, తోటలోనే ఉన్న అమ్మకపు కొట్టు, వీటి కింది నేలకు కూడా చెట్ల నేలతో పాటు పన్ను వాయిదా ఇవ్వండి. సాగు ఆపిన రోజున వసూలు చేసుకోండి, చెట్ల నేలకు ఇప్పుడు చేస్తున్నట్టే. దుర్వినియోగం భయం ఉంటే విస్తీర్ణానికి హద్దు పెట్టండి. నగర రైతు సంఘాలు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది కూడా ఇదే.

మీ శాఖ ఏటా ఆగస్టు ఆఖరున పన్ను సవరణల కోరికలను ఆర్థిక శాఖకు పంపుతుంది. సరిగ్గా అప్పుడే యొకొహామాలో కోసుయి అయిపోవచ్చి హోసుయి మొదలవుతుంది. మా పేటలో ఇంకా రెండు తోటలు ఉన్నాయి. రెండింటి యజమానులకూ డెబ్బై ఐదు దాటాయి. ఈ ఆగస్టున మీరు పంపే కాగితంలో షెడ్డు గురించిన వాక్యం ఉందో లేదో నేను వెతుకుతాను.

భవదీయురాలు,
యొకొహామా నివాసి, హైదరాబాద్ బిడ్డ