గోడల్లేని ఆఫీసు, తమ్ముడి కాలేజీ

కందుకూరు,
ఆదివారం.

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నీ ఆఫీసు గురించీ, తమ్ముడి కాలేజీ గురించీ నువ్వు ఫోన్‌లో అడిగినవాటికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి. నేను నోరు తెరిచేలోపే నీకు ఇంకో కాల్ వచ్చింది, నీ వెనక ఎవరో పగలబడి నవ్వుతున్నారు, "మళ్ళీ చేస్తా నాన్నా" అని పెట్టేశావు. మళ్ళీ చేసినా అదే వరస. అందుకని రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు ఆఫీసు సంగతి. సొంత సీటు లేదు, పొద్దున్నే యాప్‌లో బుక్ చేసుకుని ఎక్కడ దొరికితే అక్కడ కూర్చోవాలి, ఒకే హాల్లో అంతమంది, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటే తప్ప పని సాగడం లేదు అన్నావు. మీ అమ్మ ఇది విని "ఏసీలో కూర్చోడానికి కూడా ఏడుపేనా" అంది. నేనట్లా అనుకోను. ఇది నీ సుఖం సంగతి కాదు, పని సంగతి.

నేను నెల్లూరులో ప్రెస్సు పని నేర్చుకున్నప్పుడు ఇంకా సీసం అక్షరాలే. కంపోజిటర్ ఎడమ చేతిలో స్టిక్ పట్టుకుని, కుడి చేత్తో కేసులోంచి ఒక్కో అక్షరం ఏరి తలకిందులుగా పేర్చాలి. తెలుగుకి గళ్ళు ఎక్కువ, ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట. మా పెద్ద కంపోజిటర్ తన కేసుని గోడవైపు తిప్పి పెట్టించుకున్నాడు. పక్కన ఎవరన్నా మాట్లాడుతుంటే ఆ మాట స్టిక్కులోకి వచ్చేస్తుందనేవాడు. నిజంగానే వచ్చేది. ఒకసారి శుభలేఖ ప్రూఫులో పెళ్ళికొడుకు తండ్రి పేరు పక్కన "స్ట్రాంగు" అని పడింది. ఆ టైముకి వాకిట్లో ఎవరో టీలు చెబుతున్నారు! ప్రూఫులోనే దొరికింది కాబట్టి బతికిపోయాం.

అయితే ఆ సీసం పనిలో ఒక వీలు ఉండేది. తిరగేసిన అక్షరాలు అచ్చుకిచ్చిన పార్టీకి చదవడం రాదు. మ్యాటర్ ఇచ్చేసి, ఎల్లుండి వస్తానని వెళ్ళిపోయేవాడు. మన ప్రింటింగ్ షాపులో డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు కట్టే పని, పెట్టాక ఆ వీలు పోయింది. తెర అందరికీ కనబడుతుంది కదా. శుభలేఖ కోసం వచ్చినవాళ్ళు కుర్చీ లాక్కుని ఆపరేటర్ పక్కనే కూర్చునేవాళ్ళు. పేరు ఇంకాస్త లావు చెయ్యి, వినాయకుణ్ణి ఎడమకి జరుపు, కాదు కాదు, ముందున్నచోటే బాగుంది. మేనమామది ఒక మాట, బాబాయిది ఇంకో మాట. అరగంటలో తేలాల్సిన పని మధ్యాహ్నం దాకా సాగేది. ఇంతాచేసి ముహూర్తం టైము తప్పు పడేది, అందరూ వినాయకుణ్ణే చూస్తున్నారు కాబట్టి.

నేను చేసిందల్లా ఒక ప్లైవుడ్ అడ్డం కొట్టించి ఆపరేటర్ని దాని వెనక కూర్చోబెట్టడం. పార్టీకి కాగితం మీద ప్రూఫు, చేతికో ఎర్ర పెన్ను. బయట బల్ల మీద కూర్చుని ఎంతసేపన్నా దిద్దుకోమంటాం. తప్పులూ తగ్గాయి, తగాదాలూ తగ్గాయి. కాగితం చేతికిస్తే మనిషి మొదటి లైను నుంచీ చదువుతాడు, అదేంటో.

హాలు అంటేనే చెడ్డదని అనడం లేదు. మనూళ్ళో పొగాకు వేలం ఫ్లోర్ చూశావుగా. అక్కడ గోడలు కడితే పని నడవదు. రైతు, కొనేవాళ్ళు, పొగాకు బోర్డు వాళ్ళు అందరూ బేలు (పొగాకు కట్ట) చుట్టూ నిలబడి అదే ఆకు చూడాలి, అదే ధర తెలుసుకోవాలి. ఇప్పుడు చేతిలో మిషన్లు పట్టుకుని ధర కొడుతున్నారు, కేకలు బాగా తగ్గాయి. తమాషా చూడు: అరిచి చెయ్యాల్సిన పని నిశ్శబ్దంగా జరుగుతోంది, నిశ్శబ్దంగా చెయ్యాల్సిన పనిని తీసుకుపోయి హాల్లో పెట్టారు.

గోడలు తీసేస్తే మనుషులు కలిసిపోతారని మీ మేనేజర్ అన్నాడన్నావు. హార్వర్డ్‌కి చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే ఇద్దరు 2018లో దీని మీద ఒక పరిశోధన అచ్చువేశారు. రెండు పెద్ద కంపెనీల్లో గోడలు తియ్యకముందూ తీశాకా ఉద్యోగుల మెడలో చిన్న పరికరాలు వేయించి, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో కొలిచారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం పడిపోయింది, ఈమెయిళ్ళు పెరిగాయి. పక్క సీటు అమ్మాయికి కూడా చాట్‌లోనే రాస్తామని నువ్వన్నావే, అదే ఇది. నలుగురూ చూస్తుంటే మనిషి మాట మింగేస్తాడు. అద్దె మిగులుతుందని కంపెనీవాళ్ళు నేరుగా చెబితే నాకేం అభ్యంతరం లేదు, వ్యాపారం చేసేవాణ్ణే కాబట్టి అర్థం చేసుకుంటాను. కలుపుగోలుతనం కోసం అనడమే ఒప్పుకోలేను.

ఇందుకోసం ఉద్యోగం మానేస్తానని మాత్రం అనకు. ఇంకో కంపెనీకి పోయినా అదే హాలు, అదే బుకింగు. మీ మేనేజర్ దగ్గరికి వెళ్ళి "గోలగా ఉంది" అని చెప్పకు, అది ఫిర్యాదులా ఉంటుంది. ఏ పని నలుగురితో కూర్చుని చేసేది, ఏది ఒక్కదానివే తలుపేసుకుని చేసేది, విడదీసి రాసి చూపించు. రెండో రకం పనికి పొద్దున పూట మీటింగ్ రూమన్నా ఇవ్వమను, ఇంటి నుంచన్నా చెయ్యనివ్వమను. లెక్క చూపిస్తే వినేవాళ్ళు వింటారు.

ఇక నీ తమ్ముడి సంగతి. కోడ్ అంతా ఏఐ రాసేస్తుంటే నాలుగేళ్ళు బీటెక్ ఎందుకు, యూట్యూబ్ చూసి ఇంట్లోనే నేర్చుకుంటా అంటున్నాడు. వాణ్ణి నేను తిట్టలేదు, మీ అమ్మే తిట్టింది. ఏఐని నేనూ వాడుతున్నాను. ఇంగ్లీషు కరపత్రం ఇస్తే తెలుగులో ఓ మాదిరిగా రాసిపెడుతుంది. ఆమధ్య ఒక శుభలేఖ ఇచ్చి తప్పులు చూడమంటే, అసలు తప్పుని వదిలేసి, శుభ్రంగా ఉన్న ఇంటిపేరుని మార్చేసింది. ఆ ఇంటిపేరువాళ్ళు మన పక్క పల్లెలో ఉన్నారు కాబట్టి మన ఆపరేటర్ పట్టుకున్నాడు.

వాడికి నీ కథే చెప్పాను. నువ్వు సెకండియర్ సెలవులకి వచ్చినప్పుడు మన పాత ఫైళ్ళు ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు ఎందుకు వస్తున్నాయో చూశావు. షాపులో వాడే 'అను' అనే తెలుగు ఫాంట్లలో మనం కొట్టింది తెలుగే అయినా, కంప్యూటర్ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లేనని, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగారని నాకు అప్పుడే తెలిసింది. అన్ని భాషల అక్షరాలకీ వేరువేరు నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు, మేం పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌కే అది ఎక్కలేదు. నువ్వు కూర్చుని ఆ పాత ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ ఒకటి రాసిపెట్టావు. 2022లో మన ఊరిని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు ఊళ్ళో షాపులన్నీ లెటర్‌హెడ్లు మార్చుకుంటూ, పాత మ్యాటర్ వాట్సాప్‌లో పంపమని అడిగాయి. నీ కన్వర్టర్ లేకపోతే అదంతా మళ్ళీ కొట్టాల్సి వచ్చేది. (1970 దాకా నెల్లూరు జిల్లానే కదా, ముసలివాళ్ళు మాత్రం అప్పుడు పాత ఇంటికి వచ్చినట్టే అనుకున్నారు.)

ఆ కన్వర్టర్ నీ సిలబస్‌లో లేదు. కాలేజీలో సాయంత్రాలు ఎవరూ నీ నెత్తిన కూర్చోలేదు కాబట్టి నేర్చుకున్నావు. తమ్ముడికి ఇంటర్ రెండేళ్ళూ ఆ హాస్టల్లో స్టడీ అవర్లే. తెల్లారకముందు లేపడం, రాత్రిదాకా ఒకే హాల్లో కూర్చోబెట్టడం, వెనక ఒకాయన తిరుగుతూ ఉండటం. తనంతట తాను ఒక పుస్తకం తెరిచి, విసుగొచ్చి మూసి, మళ్ళీ తెరిచే అవకాశమే వాడికి రాలేదు. అలాంటివాడు ఇంట్లో ఒక్కడే నేర్చుకుంటాడంటే నాకు నమ్మకం లేదు. వాడి తెలివి మీద కాదు, వాడికి అలవాటు చేసిన చదువు మీద.

కాబట్టి కాలేజీకి పంపుతాను. కన్వీనర్ కోటాలో ఎక్కడ వస్తే అక్కడ. మేనేజ్‌మెంట్ సీటుకి మాత్రం డబ్బు కట్టను, ఆ 30 శాతం సీట్ల బేరాలు మన ఇంటికి వద్దు. ఇంజినీరింగే ఇష్టం లేదంటే డిగ్రీ చదవనీ, ఒంగోల్లోనో నెల్లూర్లోనో. ఏదో ఒక డిగ్రీ చేతిలో లేకపోతే రేపు గ్రూప్స్ రాయాలన్నా కుదరదు, అది వాడికి ఇప్పుడు పట్టదులే. ప్లేస్‌మెంట్ల బోర్డు చూసి కాలేజీ ఎంచుకోవద్దన్నాను. హాస్టల్ గదికి ఎంతమంది, లైబ్రరీ రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, ఇవి కనుక్కోమన్నాను. పిచ్చి ప్రశ్నలంటున్నాడు.

కౌన్సెలింగ్‌కి కాలేజీల లిస్టు ఒకటి నువ్వు తయారుచేసి పంపు. వెబ్ ఆప్షన్లు మాత్రం వాడే పెట్టుకుంటాడు. ఆ టైముకి నువ్వు వీడియో కాల్ చేసి "అది పైకి పెట్టు, ఇది కిందికి పెట్టు" అనకు. మీ అమ్మకీ ఇదే చెప్పాను, ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

మేనేజర్ ఏమన్నాడో తెలియజెయ్యి.

ఇట్లు,
మీ నాన్న