అప్పగింతలు

పాఠశాల వార్తాలేఖ, డిసెంబరు సంచిక

తల్లిదండ్రులకు, పిల్లల్ని గేటు దాకా దిగబెట్టి వెళ్ళే తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

ప్రతి నెలా ఈ ఉత్తరంలో పరీక్షల తేదీలు, ఫీజు గడువులు, ఆటల పోటీల సంగతులు రాస్తుంటాను. ఈసారి అవన్నీ క్లాస్ టీచర్లు డైరీలో రాసి పంపుతారు. నేను జనరల్ తిమ్మయ్య అనే సైనికాధికారి గురించి రాస్తాను. ఎందుకో తెలియాలంటే ముందు మా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి.

అక్టోబరులో ఒక బుధవారం సాయంత్రం. కుండపోత వాన. వ్యాన్లు ఆలస్యమయ్యాయి. గేటు దగ్గర గొడుగులు, రెయిన్‌కోట్లు, హారన్లు. నాలుగో తరగతి చదివే ఒక పాపను రోజూ అమ్మమ్మ వచ్చి తీసుకెళ్తారు. ఆ రోజు ఆవిడకు ఒంట్లో బాగాలేదు. పాపను వ్యాన్‌లో పంపమని వాళ్ళ నాన్నగారు పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పారు. ఆ మాట డ్రైవర్ దాకా చేరలేదు. అమ్మమ్మ తీసుకెళ్ళి ఉంటారని టీచర్ అనుకున్నారు. వ్యాన్ ఎక్కి ఉంటుందని వాచ్‌మన్ అనుకున్నాడు. వానకి వ్యాన్ ఎక్కడో ఇరుక్కుందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. తర్వాత టెన్షన్ పడి ఫోన్ చేస్తే, ఆఫీసులో ఎత్తేవాళ్ళు లేరు.

ఆరుంపావుకి నేను గది తాళం వేసి కిందికి దిగుతుంటే, మెట్ల పక్కన బల్ల మీద పాప బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. టిఫిన్ డబ్బా మూతలో మిగిలిన దానిమ్మ గింజలు ఒక్కొక్కటే తింటోంది. "ఎవరో ఒకరు వస్తారు కదా మేడమ్, అందుకే ఇక్కడే కూర్చున్నా" అంది.

ఇంటికి ఫోన్ చేసి చెప్పి, ఆటోలో నేనే తీసుకెళ్ళాను. బెంగళూరు రిచ్‌మండ్ రోడ్డులో ట్రాఫిక్ కదలడం లేదు. పాప పక్కనున్న బోర్డు చూసి, కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటూ "జనరల్ తిమ్మయ్య రస్తె" అని చదివింది. "తిమ్మయ్య అంటే మా ఊళ్ళో తాతయ్యల పేరులా ఉంది మేడమ్. ఎవరాయన?" అని అడిగింది. మన దేశ సైన్యానికి అధిపతిగా చేశారు, కొడగు వారు అన్నాను. "ఏం చేశారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. పాతికేళ్ళుగా ఆ రోడ్డు మీద తిరుగుతున్నాను.

ఇంటి గుమ్మంలో పాపను వాళ్ళ అమ్మగారి చేతికి ఇచ్చాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను క్షమాపణ అడిగాను. ఈ ఉత్తరంలో మీ అందరి ముందూ మళ్ళీ అడుగుతున్నాను.

ఆ రాత్రి నుంచి తిమ్మయ్యగారి గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదువుతున్నంతసేపూ నాకు తట్టిన మాట ఒకటే, అప్పగింతలు. మన పెళ్ళిళ్ళలో పిల్ల చేతిని పాలలో ముంచి అత్తింటివాళ్ళ చేతిలో పెడతారు. ఇక మీ పిల్ల, మీరే చూసుకోవాలి అని. పెళ్ళంతా నవ్వుతూ తిరిగిన తండ్రి కూడా అక్కడ నిలబడలేడు. రోజూ పొద్దున 8.15కి మన గేటు దగ్గర మీరు చేసేదీ అదే. తిమ్మయ్యగారి జీవితమంతా ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని తీసుకొచ్చి ఆయనకు అలా అప్పగిస్తూనే ఉన్నారు.

ఆయన 1906 మార్చి 31న మడికేరిలో పుట్టారు. కొడండేర వంశం. భారతీయుల్లో మొట్టమొదటి సర్వసైన్యాధిపతి కరియప్పగారిదీ ఆ వంశమే. చదువు కూనూరులో, తర్వాత మన బెంగళూరు బిషప్ కాటన్ స్కూల్లో. అక్కణ్ణుంచి డెహ్రాడూన్ సైనిక కళాశాల, ఆపైన ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్. 1926లో అధికారి అయ్యారు. ఆయన చేరిన పటాలం పేరు చెబితే మన పిల్లలు భలే సంబరపడ్డారు, 19వ హైదరాబాద్ రెజిమెంట్. ఇప్పుడున్న కుమావ్ రెజిమెంట్ అదే, 1945లో పేరు మారింది. మధ్యలో కొంతకాలం మద్రాసులో కాలేజీ కుర్రాళ్ళకి సైనిక శిక్షణ కూడా ఇచ్చారు.

1935 మే 31 తెల్లవారుజామున, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న క్వెట్టాలో భూకంపం వచ్చింది. ఊరు ఊరంతా నిద్రలో ఉండగానే కూలిపోయింది. అప్పటికి తిమ్మయ్యగారికీ నీనాగారికీ పెళ్ళయి కొద్ది నెలలే. కాపురం అక్కడే. భార్యాభర్తలిద్దరూ సహాయపు పనుల్లోకి దిగారు. ఆ సేవకు నీనాగారికి అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. రోడ్ల మీద ఉండే పేర్లు ఎప్పుడూ మగవాళ్ళవే. అందుకే నీనాగారి పేరు ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను. మన ఆడపిల్లలకు చెప్పండి.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో, కంగావ్ దగ్గర పక్కపక్కనే పోరాడిన మూడు పటాలాలకు ముగ్గురు భారతీయులు నాయకులు, తిమ్మయ్య, తోరట్, సేన్. ముగ్గురికీ యుద్ధంలో నాయకత్వానికి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే డి.ఎస్.ఓ. పతకం వచ్చింది. తోరట్‌గారి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఆ యుద్ధ రంగంలోనే తిమ్మయ్యగారు బ్రిగేడ్‌ను కూడా నడిపారు. ఆయన అన్నగారు అదే యుద్ధంలో ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. ఒకే ఇంటి అన్నదమ్ములు చెరో వైపు. ఇద్దరిదీ దేశం మీద ప్రేమే. ఇది పిల్లలకు ఒక్క మాటలో చెప్పేది కాదు, తీరిగ్గా కూర్చుని చెప్పాలి.

1947లో పంజాబ్‌లో సరిహద్దుకు అటూ ఇటూ నడిచిపోతున్న శరణార్థులను కాపాడి దాటించే పనిలో పడ్డారు. ఆ తర్వాత కశ్మీరులో పాకిస్తాన్‌తో యుద్ధం. 1948 మేలో లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం శత్రువుల చేతికి చిక్కేలా ఉంది. కాపలాకు ఉన్నది గుప్పెడు మంది. రోడ్డు లేదు. ఊరివాళ్ళు చదును చేసిన ఇసక మైదానమే విమానాశ్రయం. అక్కడ అంతకుముందు ఎవరూ విమానం దించలేదు. మే 24న మన వైమానిక దళానికి చెందిన మెహర్ సింగ్ గారు డకోటా విమానాన్ని హిమాలయాల మీదుగా తీసుకెళ్ళి అక్కడ దించారు. ఆ మొదటి విమానంలో మెహర్ సింగ్ పక్కన తిమ్మయ్యగారు ఉన్నారు. అప్పటికే ఆయన మేజర్ జనరల్, డివిజన్‌కి అధిపతి. తన మనుషుల్ని పంపబోయే చోటికి ముందు తను వెళ్ళారు.

లేహ్‌కి నేల మీది దారి మాత్రం ఇంకా మూసుకునే ఉంది. ఆ దారిలో ఉన్న జోజిలా కనుమలో కొండల మీద శత్రువులు తిష్ఠ వేసుకుని కూర్చున్నారు. సెప్టెంబరులో చేసిన దాడులు ఫలించలేదు. అప్పుడు తిమ్మయ్యగారు, దాదాపు 11,500 అడుగుల ఎత్తుకి యుద్ధ ట్యాంకులు ఎక్కిద్దామన్నారు. వంతెనలు బరువు ఆపాలి, గూఢచారుల కంట పడకూడదు. అందుకని ట్యాంకుల పై భాగాలు ఊడదీసి, కప్పేసి, గుట్టుగా తెచ్చారు. కంచరగాడిదలు నడిచే దారిని ట్యాంకులు వెళ్ళే దారిగా చేసింది ఎవరనుకున్నారు? మన మద్రాస్ శాపర్స్, సైన్యంలో దారులు, వంతెనలు వేసే ఇంజనీర్ల దళం. హలసూరు చెరువు పక్కన రోజూ మన వ్యాన్లు ఎవరి గోడ పక్కనుంచి వెళ్తాయో, వాళ్ళే. ఆ దళంలో నాలుగు దక్షిణాది భాషలవాళ్ళూ ఉంటారు, మన తెలుగువాళ్ళు కూడా. నవంబరు 1న మంచు పడుతుండగా 7వ లైట్ కావల్రీ ట్యాంకులు కనుమలోకి వెళ్ళాయి. ముందు నడిచిన ట్యాంకులో తిమ్మయ్యగారు స్వయంగా ఉన్నారు. అంత ఎత్తున ట్యాంకులతో యుద్ధం చేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. సాయంత్రానికి కనుమ మన చేతికొచ్చింది. ఆ నెలలోనే లేహ్‌కి దారి తెరుచుకుంది.

ఇదంతా వింటే మగపిల్లలు కుర్చీల్లో నిలవరు, నాకు తెలుసు. నా మనసు మాత్రం కొరియా దగ్గరే ఆగిపోయింది.

1953 జులైలో కొరియా యుద్ధం ఆగింది. రెండు వైపులా పట్టుబడిన యుద్ధఖైదీల్లో దాదాపు 23,000 మంది 'మేం మా దేశానికి తిరిగి వెళ్ళం' అన్నారు. ఎక్కువమంది చైనావాళ్ళు, ఉత్తర కొరియావాళ్ళు. చైనా, ఉత్తర కొరియాల చేతిలో ఉన్నవాళ్ళలో మూడు వందల పైచిలుకు దక్షిణ కొరియావాళ్ళు, 23 మంది అమెరికన్లు, ఒక బ్రిటిష్ సైనికుడు. వీళ్ళ సంగతి తేల్చడానికి అయిదు దేశాల కమిషన్ వేసి, అధ్యక్షుడిగా తిమ్మయ్యగారిని పెట్టారు. ఖైదీలను కాచే పని భారత సైనికులది. సుమారు ఆరు వేల మంది వెళ్ళారు, తోరట్‌గారి నాయకత్వంలో. దక్షిణ కొరియా ప్రభుత్వం మన సైనికుల్ని తన నేల మీద కాలు పెట్టనివ్వనంది. అందుకని ఓడలు దిగీ దిగకుండానే హెలికాప్టర్లలో, రెండు కొరియాల మధ్య ఉన్న నిస్సైనిక మండలానికి చేర్చాల్సి వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. వాళ్ళు మన ఖైదీలు కారు, అది మన యుద్ధం కాదు, వాళ్ళ భాష మనకు రాదు. శిబిరాల్లో ఖైదీల నాయకులే తోటివాళ్ళను బెదిరించేవారు. వెనక్కి వెళ్తాననే మాట పైకి అంటే ప్రాణానికే ముప్పు. ఒకసారి ఖైదీలు మన మేజర్ ఒకాయనను లోపలికి లాక్కుపోయి నిర్బంధించారు. తోరట్‌గారు తుపాకీ లేకుండా వాళ్ళ మధ్యకు వెళ్ళి, మాట్లాడి, ఆయనను విడిపించుకొచ్చారు.

ఖైదీలకు వాళ్ళ దేశ ప్రతినిధులు నచ్చచెప్పడానికి డేరాలు వేశారు. చాలామంది ఆ డేరాల దగ్గరికి రామని మొండికేశారు. బలవంతంగానైనా తీసుకురమ్మని ఒక వైపు నుంచి ఒత్తిడి. ఎవరినీ తీసుకురాకండి, వదిలేయండి అని మరో వైపు. తుపాకులతో ఈడ్చుకురావడానికి తిమ్మయ్యగారు ఒప్పుకోలేదు. ఒప్పందంలో రాసిన గడువుకు ముందే వదిలేయడానికీ ఒప్పుకోలేదు. రెండు వైపులా తిట్టారు. 1954 జనవరిలో ఆ పని ముగిసింది. ఏ వైపూ వద్దు, తటస్థ దేశానికే పోతామన్న కొద్దిమంది మన సైనికులతో పాటు ఓడెక్కి ఇండియాకి వచ్చేశారు. ఎవరి బిడ్డలో, ఏ ఊరివాళ్ళో! తమను కాపలా కాసినవాళ్ళ వెంట వాళ్ళ దేశానికి రావాలంటే ఎంత నమ్మకం కుదిరి ఉండాలి? ఆ సంగతి చదివినప్పుడు, బల్ల మీద కూర్చున్న మన పాప "ఎవరో ఒకరు వస్తారు కదా" అన్న మాట గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

1957 నుంచి 1961 దాకా తిమ్మయ్యగారు భారత సైన్యాధిపతి. 1959లో, ప్రమోషన్ల విషయంలోనూ సరిహద్దులో సన్నద్ధత విషయంలోనూ రక్షణ మంత్రి కృష్ణమీనన్‌తో పొసగక రాజీనామా ఇచ్చారు. నెహ్రూగారు చెప్పగా వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత పార్లమెంటులో తిమ్మయ్యగారు మాట పడాల్సి వచ్చింది. రాజీనామా ఇచ్చింది తప్పా, వెనక్కి తీసుకున్నది తప్పా అని పదో తరగతి పిల్లలు నన్ను నిలదీశారు. ప్రజలెన్నుకున్న ప్రభుత్వానిదే పైచేయి కావాలి, అందుకే ఆయన తగ్గడం సరైనదని నా అభిప్రాయం. తన కింద ఉన్న జవాన్ల కోసం పదవినే పణంగా పెట్టడమూ సరైనదే. రెండూ ఒకే మనిషి చేశారు. ఆయన రిటైరయిన మరుసటి ఏడాదే చైనా యుద్ధం వచ్చింది.

రిటైరయ్యాక కూడా మరో అప్పగింత. సైప్రస్‌లో గ్రీకులకూ తుర్కులకూ మధ్య నిలబడిన ఐక్యరాజ్యసమితి శాంతి సేనకు 1964లో సేనాధిపతిగా వెళ్ళారు. 1965 డిసెంబరు 18న అక్కడే, ఆ ఉద్యోగంలోనే, గుండెపోటుతో కన్నుమూశారు. మరుసటి ఏడాది సైప్రస్ ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. సమాధి మన బెంగళూరులోనే ఉంది.

ఈ డిసెంబరు 18న ఉదయం ప్రార్థన సమావేశంలో ఆయన గురించి మాట్లాడతాం. మద్రాస్ శాపర్స్‌లో పనిచేసి రిటైరైన సుబేదార్‌గారు ఒకరు వస్తున్నారు. చిత్తూరు జిల్లా మనిషి, తెలుగులోనే మాట్లాడతారు. మొదటి పది నిమిషాలు మాత్రం మన నాలుగో తరగతి పాపవి. తన ప్రశ్నకు జవాబు తనే రాసుకుని చదువుతుంది. మడికేరిలో తిమ్మయ్యగారి ఇల్లు 'సన్నీ సైడ్' 2021లో మ్యూజియం అయింది. ఫిబ్రవరిలో ఏడు, ఎనిమిది తరగతులవాళ్ళను తీసుకెళ్తాం. అనుమతి పత్రం సంతకం చేసి జనవరి 10లోగా పంపండి.

ఇక గేటు సంగతి. నవంబరు నుంచి సాయంత్రం ప్రతి పిల్లా ఎవరితో వెళ్ళిందో రిజిస్టరులో రాస్తున్నాం. తీసుకెళ్ళేవాళ్ళు సంతకం పెట్టాలి. వ్యాన్ పిల్లలకు డ్రైవర్ పెడతాడు. వరుసలో నిలబడి సంతకాలంటే మీకు చిరాగ్గా ఉంటుందని తెలుసు, దయచేసి ఓర్చుకోండి. తీసుకెళ్ళే మనిషి మారితే మధ్యాహ్నం రెండులోపు ఆఫీసుకి చెప్పండి. చెప్పాక, రాసుకున్నారా అని అడిగి మరీ ఫోన్ పెట్టేయండి. ఆఖరి పిల్ల వెళ్ళేదాకా ఒక టీచర్ గేటు దగ్గరే ఉంటారు, ఆఫీసు ఫోన్ దగ్గర ఒక మనిషి ఉంటారు. ఆ తర్వాత రిజిస్టరు నా బల్ల మీదికి వస్తుంది. నేను ప్రతి పేరూ చూసి, కింద సంతకం పెట్టాకే గది తాళం వేస్తాను. నిన్న ఆ సంతకం 5.20కి పడింది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు